ఓడ ఆగే ఒక్క పూట

పోయిన వారం కథను మస్తాన్ వలీ సంబరం దగ్గర ఆపాం. ఆ సంబరం ఎందుకో మరిచిపోయినవాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలి. అతని బావమరిది ఫారూఖ్ భార్యాబిడ్డలతో ఎక్కిన షికారు ఓడ రేపు పొద్దున సౌదీలోని యాన్బు రేవులో ఆగి, సాయంత్రానికి జిద్దాకు కదులుతుంది. ఆ ఒక్క పూటలో వాళ్లను మదీనాకు తీసుకెళ్లి, ఫారూఖ్ కొడుకు అల్తాఫ్‌కూ తన కూతురు ఉమేరాకూ అక్కడ నికా చదివించి, మళ్లీ ఓడ ఎక్కించాలన్నది మస్తాన్ వలీ ప్లాను. మేనరికం, అదీ మదీనాలో. యాన్బులో ఉన్న ప్రొద్దుటూరు వాళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. వాళ్లెవరికీ తెలియనిది ఇంకొకటి ఉంది. ఏసీలు బాగుచేసే అతని కాంట్రాక్టు అయిపోయింది, ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా ఇక రెన్యూ కాదు, కంపెనీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపబోతోంది. ఇంటికి పోతే అతనికి దిక్కు ఫారూఖ్ హైదరాబాదులోని తన కోల్డ్ స్టోరేజీలో ఇస్తానన్న మేనేజరు కుర్చీ ఒక్కటే. ఈ పెళ్లి ఆ కుర్చీ కోసమేనని మనకు పోయిన వారమే అర్థమైంది.

ఇక హలీమా. మస్తాన్ వలీ భార్య, ఫారూఖ్ చెల్లెలు. ఈమె మనసులో ఒక అనుమానం ఉండేది. సంబంధం మాట మొదటిసారి వచ్చిన రోజే దాన్ని దాచకుండా మొగుడి ముందు పెట్టింది. అతను మదీనా వెళ్లి, మతం చదువుకున్న పెద్ద ఆలిమ్ ఒకాయన్ను అడిగి వచ్చి, "దోషం ల్యా, చేసుకోవచ్చన్నారు" అన్నాడు. ఆమె నమ్మింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని నమ్మక ఏం చేస్తుంది? ఆ అనుమానం ఏమిటో పోయిన వారం చెప్పలేదు. ఈ వారం చెప్పక తప్పదు.

సాయంత్రం అసర్ నమాజు అయింది. హాల్లో మస్తాన్ వలీ కాళ్లు చాపుకుని కూర్చుని, "యాన్బు డే" అని తానే పెట్టిన వాట్సాప్ గ్రూపులో రేపటి ప్లానును పైకి చదువుతున్నాడు. ఉమేరా లోపలి గదిలో బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. హలీమా ఉల్లిపాయల పళ్లెం ముందు పెట్టుకుని వింటోంది.

"ఎనిమిదికి ఓడ దిగుతారు. రేవు లోపలికి మనల్ని రానీరు, ఓడోళ్ల బస్సే గేటు దాకా తెస్తాది. గేటు కాడ మనం ఉంటాం. తొమ్మిదికి రోడ్డెక్కితే పదకొండున్నరకి మదీనా. జొహర్ నమాజు అయినంక నికా. రెండుకంతా తిరుక్కుంటే నాలుగున్నరకి గేటు కాడ దింపేస్తాం. ఐదుకి నిచ్చెన తీసేస్తారంట."

"అన్నం ఎప్పుడు తింటారు?" అంది హలీమా.

"కారులో తింటారు."

"పెండ్లికొడుకు కారులో అన్నం తింటాడా?"

"ఒక పూటకి ఏమైతాది? పొట్లాలు కట్టు."

హలీమా ఉల్లిపాయ తరగడం ఆపింది. పెళ్లి బిర్యానీని పొట్లాలు కట్టమనే మనిషితో ఏం వాదిస్తుంది? అయినా వాదించింది, ఎందుకంటే ఈ ప్లాను వింటున్నప్పుడల్లా ఆమెకు ఊపిరాడటం లేదు.

"జొహర్ అయ్యేదే పన్నెండున్నర దాటినంక. ఆ జనంలో మా అన్నను, వదినను, పిల్లోళ్లను ఒకచాట చేర్చాల. నికా చదవాల, దువా చెయ్యాల. ఆడికొచ్చి ప్రవక్త సమాధి కాడ జియారత్ చేసుకోకుండా వస్తారా? మళ్లీ కారు కాడికి నడవాల. రెండుకి యాడ తిరుక్కుంటావు? దారిలో ఒక లారీ అడ్డం పడిందంటే ఓడ పోతాది. ఓడ ఎవురి కోసరం ఆగదని అల్తాఫే చెప్పినాడు కదా."

"నేను తోలుతా. ఆ రోడ్డు నాకు కొత్తనా?"

"నేను చెప్పేది విను. నికా ఈడనే, మనింట్లోనే చదివిద్దాం. హాఫిజ్ సాబు పక్క వీధిలోనే ఉండాడు. ఉమేరాకి ఖురాను నేర్పిచ్చింది ఆయనే. వాళ్లను దించుకుని నేరుగా ఇంటికొస్తాం. నికా అయితాది, ఆకులో అన్నం తిన్నట్టు నిమ్మళంగా కూసోని తింటారు. ఎండ తగ్గినంక పాత బజారు చూపిచ్చి, సముద్రం ఒడ్డున కాసేపు కూసోబెట్టి, గేటు కాడ దింపొచ్చు. ఎల్లుండి జిద్దాలో దిగి ఎట్లా మక్కాకు, ఉమ్రాకి పోతాండారు. ఆ పుణ్యం యాడికీ పోదు."

ఎవరు విన్నా సరేననే మాట ఇది. మస్తాన్ వలీ మాత్రం ఫోన్ పక్కన పెట్టాడు.

"హాఫిజ్ సాబు వద్దు."

"ఏంటికి?"

"వద్దంటే వద్దు. మదీనా అని అందరికీ చెప్పినా. మదీనానే."

"చెప్పినోళ్లంతా వచ్చి చూస్తారా? ఇరుకైతాదని చెప్తాండా గాని..."

"నీకేం తెల్సు ఇరుకు? వంట చూసుకో పో."

గొంతు పెంచాడు. కోప్పడవలసిన చోటు కాదు అది. హలీమా అతన్ని ఎరుగును. పెట్రోలు దండగని ఒకే దారిలో రెండు పనులు కలిపి పెట్టుకునే మనిషి, పక్క వీధిలో ఉన్న హాఫిజ్‌ను వదిలి, ఓడ తప్పిపోతుందేమోనన్న భయాన్ని నెత్తిన పెట్టుకుని, అంత దూరం పరుగెత్తుతానంటున్నాడు. మదీనా మీద భక్తి అయితే ముఖంలో కనబడాలి. అక్కడ కనబడుతున్నది కంగారు. రేపటి ప్లానులో ఒక్క గంట కూడా ఖాళీ లేకపోవడం, ఎవరూ ఎవరితోనూ తీరిగ్గా కూర్చుని మాట్లాడే వీలు లేకపోవడం, ఇవన్నీ కుదరక జరిగినవి కావేమో అని ఆమెకు మొదటిసారి తోచింది.

వంటింట్లోకి వెళ్లి హాఫిజ్ జమాలుద్దీన్ భార్య సబీనాకు ఫోన్ చేసింది. ఆదోని మనిషి, హలీమాను అక్కా అని పిలుస్తుంది. రేపు తిరిగొచ్చాక పిల్లలకు దువా చెయ్యడానికి హాఫిజ్ సాబును ఒకసారి గేటు దగ్గరికి పంపమని అడిగింది. 

"ఆయన రాడక్కా," అంది సబీనా. "మీ ఆయన నీతో ఏం చెప్పలేదా?"

"ఏమి చెప్పాల?"

"నేను చెప్పినానని అనొద్దక్కా. పోయిన రంజానుకి ముందర మీ ఆయన మా ఇంటికొచ్చి అడిగినాడు. పెండ్లికొడుకు పసిబిడ్డగా ఉన్నప్పుడు మీ కాడ పాలు తాగినాడంట కదా. మా ఆయన ఈ నికా కాదన్నాడు. మన లెక్కలో ఒక్క గుటక దిగినా పాల తోడేనన్నాడు. అన్నాచెల్లెళ్లకి నికా ల్యా అన్నాడు. మీ ఆయన కోపం చేసుకోని టీ కూడా తాగకుండా లేచిపోయినాడు. మళ్లీ మీరు ఏర్పాట్లు చేస్తాండారని తెలిసి ఈయన రెండు రోజులుగా బాధపడతాండాడు."

హలీమా సరే సబీనా అని ఫోన్ పెట్టేసింది. స్టవ్ మీద నీళ్లు మరుగుతున్నాయి. వాటిని దించాలని కూడా ఆమెకు తోచలేదు.

అల్తాఫ్ పుట్టిన నెలలోనే హలీమాకు మొదటి కాన్పు అయింది. మగబిడ్డ. కళ్లు తెరిచి సరిగా చూడకముందే పోయాడు. బిడ్డ పోయాడన్న సంగతి ఆమె ఒంటికి తెలియలేదు. పాలు వచ్చాయి. ప్రొద్దుటూరులో పుట్టింట్లో, జ్వరంతో, రొమ్ములు గడ్డకట్టి ఏడుస్తూ పడుకున్న ఆమె పక్కన తల్లి మహబూబ్బీ ఒక రోజు అల్తాఫ్‌ను తెచ్చి పడుకోబెట్టింది. వదిన షమీమ్ కాన్పు తర్వాత ప్రాణం మీదికొచ్చి కర్నూలు ఆస్పత్రిలో ఉంది. డబ్బా పాలు బిడ్డకు పడటం లేదు. "ప్రవక్తకు పాలిచ్చిన తల్లి పేరు నీకు ఊరికే పెట్టలేదులే, పట్టు," అంది తల్లి. బిడ్డ అందుకున్నాడు. ఇద్దరి ఏడుపూ ఒకేసారి ఆగింది. నలభై రోజుల చిల్లా అయ్యేదాకా వాడు ఆమె దగ్గరే పెరిగాడు. షమీమ్ పుట్టింటివాళ్లు పెద్దింటివాళ్లు, తెలిస్తే ఏమంటారోనని మహబూబ్బీ ఆ మాట నాలుగు గోడల మధ్యే ఉంచింది. ఆమె చనిపోయింది. తల్లీ కూతుళ్లు ఇద్దరూ మోసిన మాటను ఆ తర్వాత హలీమా ఒక్కతే మోసింది, ఏడాది కిందట మొగుడికి అప్పగించేదాకా.

హాల్లోకి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"హాఫిజ్ సాబు కాదన్నాడంట కదా."

మస్తాన్ వలీ తల ఎత్తలేదు. "ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్తే ఏమి? కాదన్నాడా, ల్యా?"

"ఆయన లెక్క ఆయనది. మన ఊర్ల తట్టు ఒక్క గుటకంటారు. ఈడోళ్ల లెక్క వేరే. ఐదుసార్లు కడుపునిండా తాగితేనే పాల తోడంట. మదీనాలో ఆలిమే చెప్పినాడు. ఈడ ఉండేటప్పుడు ఈడి లెక్కనే పట్టుకోవాల."

"సరే. ఐదే అనుకో. ఆయనకి నువ్వు ఎన్నిసార్లని చెప్పినావు?"

మస్తాన్ వలీ రిమోటు అందుకుని ఏసీ పెంచాడు. 

"నిన్నే అడిగేది. ఎన్నని చెప్పినావు?"

"రెండుసార్లని."

హలీమా నెమ్మదిగా కింద కూర్చుంది. కూతురి పెళ్లి ఏమవుతుందన్న భయం కంటే ముందు ఆమెకు తగిలింది ఆ రెండుసార్లన్న మాట. రాత్రింబవళ్లు ఆ బిడ్డను గుండెల మీద వేసుకుని, తన బిడ్డ పోయిన దుఃఖాన్ని వాడి నోటికందించి బతికిన రోజులవి. వాటిని ఈ మనిషి రెండు చేశాడు. తూకంలో రాయి తీసేసినట్టు తీసేసి, ఎవరో తెలియని ఆలిమ్ ముందు పెట్టి, తనకు కావలసిన జవాబు తెచ్చుకున్నాడు.

"చిల్లా అయ్యేదాకా ఇచ్చినా. నీకు అట్లనే చెప్పినా," అంది.

"చెప్పినావు."

"తెలిసీ చేసినావు."

"తెలిసే చేసినా." ఈసారి అతను తలెత్తాడు. "ఏం చెయ్యమంటావు? నా వయసు మనిషికి ఇంక ఎవురు పనిస్తారు? నా బతుకంతా ఈ ఎండలో ఎవురెవురి ఇండ్లో సల్లగా చేసినా. నా ఇల్లు యాడుంది? ప్రొద్దుటూరులో నాయన కట్టిన రేకుల కొట్టము, దాన్లోనూ తమ్ముడు ఉండాడు. మీ అన్న పిల్లను చేసుకుంటా అన్నాడు, నాకు కూసోని తినే దారి చూపిచ్చినాడు. పిల్లోనికి ఉమేరా అంటే ఇష్టం. ఉమేరా కాదనలేదు. ఎప్పుడో పసిబిడ్డ తాగిన పాలు పట్టుకోని ఇంతమంది బతుకులు తీస్తావా?"

హలీమాకు జాలి వేయకపోలేదు. ఎండకు కమిలి నల్లబడిన ఆ చేతుల మీద ఆమెకు ఎప్పుడూ జాలే. కానీ ఆ జాలి అడుగున ఇవాళ అసహ్యం కూడా కదిలింది, దాన్ని ఆమె దాచుకోలేకపోయింది.

"పస్తులుంటా. నా బిడ్డలిద్దరికీ ముడిపెట్టి నాకు అన్నం పెట్టొద్దు."

"ఏ ఇద్దరు బిడ్డలే? నీకుండేది ఒకతే." మస్తాన్ వలీ ముందుకు వంగాడు. "ఇంగోటి విను. మీ అమ్మ పోయింది. చూసినోళ్లు ఎవురూ లేరు. ఒక్క ఆడమనిషి మాట సాక్ష్యానికి నిలబడదు, కావాలంటే నీ హాఫిజ్ సాబునే అడుగు. నువ్వు ఇప్పుడు నోరు తెరిస్తే మీ అన్న ఏమనుకుంటాడు? పిల్లనిచ్చేది ఇష్టం ల్యాక ఆఖర్న కత కట్టిందనుకుంటాడు. అన్న పోతాడు, పెండ్లి పోతాది, నీ మాటా నిలవదు."

అన్న నమ్మడని ఆమెకూ తెలుసు. ఫారూఖ్ ఎప్పుడూ ఇంటి మాటలు పట్టించుకున్నవాడు కాదు. కానీ వదిన ఉంది. బిడ్డను కన్నది ఆమె. ఆస్పత్రిలో ఉన్నప్పుడు తన బిడ్డ ఏం తాగి బతికాడో ఆమె ఒక్కసారైనా అనుకుని ఉండదా? తల్లికి చెబితే తల్లి ఆపుతుంది. అప్పటికి హలీమాకు దొరికిన ఆశ అదొక్కటే.

మస్తాన్ వలీ వద్దంటున్నా వినకుండా షమీమ్‌కు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. ఓడలో వైఫై ఖరీదని ఫారూఖ్ ఒక్క ఫోన్‌కే కొన్నాడు, అది షమీమ్ చేతిలో ఉంటుంది. అల్తాఫ్ ఉమేరాతో మాట్లాడాలన్నా తల్లి ఫోన్‌లోనే. షమీమ్ వెంటనే ఎత్తింది.

"చెప్పు హలీమా. మీ అన్న, అల్తాఫ్ పైన టీకి వెళ్లారు. నేను రేపటికి చీర తీస్తున్నా. అక్కడ ఎండ బాగా ఉంటుందా?"

"వదినా, నీతో ఒక మాట చెప్పాల. నువ్వు కర్నూలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు అల్తాఫ్‌కి డబ్బా పాలు పడల్యా. వాడికి నేను పాలిచ్చినా. చిల్లా అయ్యేదాకా. అమ్మ చెప్పొద్దనింది, చెప్పలేదు. ఈ పెండ్లి కూడదు వదినా. వాడు ఉమేరాకి అన్న అయితాడు."

 అవతల చీరలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఇంకెవరికి చెప్పావు?" అంది షమీమ్.

అబద్ధమనలేదు, నిజమా అని అడగలేదు, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని ఏడవలేదు. ఇంకెవరికి చెప్పావని అడిగింది. 

"నీకు తెల్సా వదినా?"

"నాకు ఆ రోజే తెలుసు." షమీమ్ చాలాకాలంగా అరిగిపోయిన మాటను తీసి చెబుతున్నట్టుంది. "ఆస్పత్రి నుంచి వచ్చి వాడిని ఒళ్లోకి తీసుకున్నా. మొహం తిప్పుకున్నాడు. నువ్వు వాకిట్లో నుంచి నడిచిపోతున్నావు. నీ అడుగుల చప్పుడుకే ఏడుపు ఆపాడు. ఎవరైనా నాకు చెప్పాలా? వారం తిరక్కుండా హైదరాబాద్ తీసుకుపోయా. దారి పొడుగునా ఏడ్చాడు. నా దగ్గర పాలు లేవు. నీకు తెలుసా, నా బిడ్డ నా ఒళ్లో పరాయివాడిలా ఏడుస్తుంటే ఎలా ఉంటుందో?"

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వదిన ప్రొద్దుటూరు గడప తొక్కలేదు. ఉన్నవాళ్ల పొగరనుకుని హలీమా కుళ్లుకుంది. ఎన్ని పండగలకు ఆ మాట అనుకుని కళ్లు తుడుచుకుందో. కారణం పొగరు కాదని ఇవాళ తెలిసింది. తెలిసినందువల్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది.

"తెలిసీ ఎట్ల ఒప్పుకున్నావు వదినా? ఈ పెండ్లిని ముందరుండి నడిపిచ్చింది నువ్వే కదా."

"ఎందుకంటే పెళ్లయితే నువ్వు వాడికి అత్తవు. ఎప్పటికీ అత్తవే. ఈ పాల సంగతి బయటపడిందనుకో, వాడు నిన్ను అమ్మా అంటాడు. వాడి గుణం నాకు తెలుసు. పోయిన నీ బిడ్డ సంగతి కూడా వింటే ఇక నీ దగ్గరే కూర్చుంటాడు. నాకు ఉన్నది వాడొక్కడే హలీమా. సగం పంచి ఇవ్వలేను." మళ్లీ చీరలు సర్దుతున్న చప్పుడు మొదలైంది. "మదీనాలో నికా అన్నది కూడా నేనే. అక్కడైతే మనల్ని ఎరిగినవాళ్లు ఎవరూ ఉండరని మస్తాన్ అన్నయ్యకు చెప్పింది నేనే."

హలీమా మొగుడి వైపు చూసింది. అతను తివాచీ వైపు చూస్తున్నాడు. అంటే వీళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. పాలిచ్చిన తనను పక్కన పెట్టి, ఆ పాలను ఎక్కడ ఎలా పాతిపెట్టాలో ఫోన్లలో కూడబలుక్కున్నారు. రేపు వదిన గేటు దగ్గర దిగి, హలీమా ఎంత చిక్కిపోయావని కౌగిలించుకునేది. తానూ కౌగిలించుకునేది. 

"నీ కోపం నా మీద తీర్చుకో వదినా. అన్నాచెల్లెళ్లను ఒక గదిలోకి పంపుతావా?"

"ఎవరికి తెలుసని అన్నాచెల్లెళ్లు?"

"నాకు తెలుసు," అన్నది హలీమా గొంతు కాదు.

లోపలి గది గుమ్మంలో ఉమేరా నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో ముఖం చూస్తే తెలిసిపోతోంది. ఈ పిల్ల ఇండియన్ స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది, ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. అల్తాఫ్ అంటే ఇష్టమని తల్లికి కూడా నోటితో చెప్పలేదు. అతని ఫోన్ వచ్చినప్పుడు గది తలుపు దగ్గరగా వేసుకోవడం చూసి హలీమా అర్థం చేసుకుంది, అంతే. ఇప్పుడు ఆ ఇష్టం ఏం చేసుకోవాలో తెలియక ఆ పిల్ల పెదవులు బిగించుకుని నిలబడింది. ఏడిస్తే హలీమా ఓదార్చగలిగేది.

ఉమేరా వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"అత్తా, అల్తాఫ్‌ను పిలువు."

"పైన డెక్ మీద ఉన్నాడమ్మా. నువ్వు ఈ పెద్దవాళ్ల మాటలు..."

"అయితే రేపు గేటు దగ్గరే మాట్లాడతా. ఇన్నాళ్లూ బావా అని పిలిచినా. ఇంక ఏమని పిలవాల్నో ఆయన్నే అడుగుతా."

ఫోన్ కట్ అయింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు. మూడోసారి మోగనే లేదు. కాసేపటికి మస్తాన్ వలీ పక్కన పడున్న ఫోన్ కుయ్‌మంది. యాన్బు డే గ్రూపులో షమీమ్ పెట్టిన మాటలు అతను పైకి చదవలేకపోతే ఉమేరాయే వంగి చదివింది.

"అల్తాఫ్ వాళ్ల నాన్నకు ఒంట్లో బాగాలేదు. రేపు మేం యాన్బులో దిగడం లేదు. నికా సంగతి హైదరాబాద్ వెళ్లాక చూద్దాం."

మస్తాన్ వలీ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అయిపోయింది. సంతోషమేనా? ఇద్దరూ కలిసి తుంచేసినారు."

"తుంచింది యాడ?" అంది హలీమా. "చదివిన మాట మళ్లీ చదువుకో. హైదరాబాదుకి పోయినంక చూద్దామనింది. నాతో మాట్లాడనియ్యకుండా ఓడలో కూసోబెట్టి, నెల పోయినంక మళ్లీ ముహూర్తం పెడతాది. నువ్వు మళ్లీ ఊ అంటావు. ఆ పిల్లోనికి సంగతి తెలిసేది ఎప్పుడు? బిడ్డలు పుట్టినంకనా?"

 ఆమె చెప్పింది అక్షరాలా జరగబోయేదేనని ముగ్గురికీ తెలుసు. అల్తాఫ్ చేతిలో ఫోన్ ఉన్నా వైఫై తల్లిది. తల్లి చెప్పిందే వాడు వింటాడు. వాడికి ఎదురుగా నిలబడి చెబితే తప్ప ఈ పెళ్లి ఆగదు. ఓడ మీదికి వెళ్లే దారి లేదు. యాన్బులో వాళ్లు దిగరు.

"జిద్దాలో దిగుతారు కదమ్మా," అంది ఉమేరా.

హలీమా కూతురి వైపు చూసింది. ఇంతకాలం ఈ ఇంట్లో ప్లాన్లన్నీ మస్తాన్ వలీ వేశాడు, ఆమె వండిపెట్టింది. ఇప్పుడు తన బుర్ర ఇంత తొందరగా పనిచేయడం ఆమెకే వింతగా ఉంది.

"దిగుతారు. జిద్దాతో ఆ ఓడ ఆఖరు. ఆడ దిగకుండా కుదరదు. ఉమ్రాకి పొయ్యేది ఆడినుంచే, రాత్రి విమానం ఎక్కేదీ ఆడినుంచే. గేటు బయట నిలబడితే ఒక్కొక్కరే మన ముందర నుంచే రావాల."

"నేను డ్రైవ్ చేస్తా. రేపే పోయి జిద్దా షరఫియాలో ఏదో ఒక రూము తీసుకుందాం." ఉమేరా తండ్రి ముందు చెయ్యి చాచింది. "కారు తాళాలు ఇయ్యి నాయనా."

మస్తాన్ వలీ లేచి నిలబడ్డాడు. తాళాలు జేబులోనే ఉంచి ఫోన్ తీశాడు. ఈ దేశంలో ఇంటిపెద్ద ఫోన్‌లో అబ్షర్ అని సర్కారు యాప్ ఉంటుంది. భార్యాబిడ్డల ఇకామాలు, రాకపోకలు అన్నీ అందులోనే. దాన్ని తెరిచి స్క్రీను ఇద్దరికీ కనబడేలా తిప్పాడు. హలీమా పేరు మీద వేలు పెట్టాడు.

"గడప దాటితే ఫైనల్ ఎగ్జిట్ కొడతా," అన్నాడు. "నీకే ముందర. నా కంపెనీ నాకు చేసేది నేను నీకు చేస్తా. మళ్లీ ఈ దేశం ముఖం చూడవు. మూటా ముల్లె సర్దుకోని ఒంటిగా పోతావు. చెప్పు, జిద్దాకు పోతావా?"

ఉమేరా నాయనా అంటూ ముందుకు రాబోతే హలీమా చేత్తో ఆపింది. భయపడింది, కాదనలేం. ఈ ఊరు, ఈ రెండు గదులు, పక్క వీధిలో అక్కా అని పిలిచే సబీనా, ఇవి తప్ప ఆమెకు ఇంకో ప్రపంచం లేకపోయి చాలా ఏళ్లయింది. ఆ భయంతోనే మొగుడి ముఖంలోకి చూసి మాట్లాడింది.

"కొట్టు. ఎగ్జిట్ కొట్టి యాడికి పంపిస్తావు నన్ను? హైదరాబాదుకే కదా ఆ విమానం పొయ్యేది. నా కొడుకు ఉండేది ఆడనే."

స్క్రీను మీద యాప్ మరోసారి అడుగుతోంది, ఖాయమేనా అని. మస్తాన్ వలీ భార్యను చూశాడు, కూతురిని చూశాడు.  అయినా నొక్కాడు.